రాయి, రిజిస్టరు, బల్ల: ఆదివాసుల సామూహిక జ్ఞాపకంపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కొన్ని సంవత్సరాల క్రితం సత్తెనపల్లి ప్రాంతంలో మిరప కోతలు ముగిసే రోజుల్లో ఒక కల్లంలో ఆరబోసిన కాయ రాత్రికి రాత్రి మాయమైంది. మరునాడు ఉదయం వెదుకులాట ఎక్కడ మొదలైందో ఈ ప్రాంతపు పాఠకులకు చెప్పనవసరం లేదు. ఊరి చివర ఎరుకలవారి ఇళ్ల దగ్గర మొదలైంది. ఇద్దరు యువకులను తీసికొనిపోయి రెండు రోజుల తరువాత విడిచిపెట్టారు. కాయను తరలించినవారు ఎవరో ఆ తరువాత తెలిసింది. వారు ఎరుకలవారు కారు. ఆ యువకులలో ఒకరి నాయనమ్మ మా సంఘ సభ్యురాలు. ప్రార్థన చేయడానికి వెళ్లిన నన్ను ఆమె ఒక ప్రశ్న అడిగింది. “అయ్యగారూ, మా తాత పేరు పోలీసోళ్ల పుస్తకంలో ఉండేదంట. ఆ పేరు మన గుడి పుస్తకంలో ఎక్కడన్నా ఉందా?”

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చి ఆలోచించినకొలది ఆ ప్రశ్న నన్ను చాలా దూరం తీసికొనిపోయింది. హింసకు గురియైన ఒక జనాంగాన్ని గూర్చిన జ్ఞాపకాన్ని ఎవరు వ్రాస్తారు? ఎక్కడ ఉంచుతారు? ఎవరి మేలు కొరకు ఉంచుతారు? ఆదిలాబాదు గోండులు నిలుపుకొన్న ఒక స్థూపం, మన కోస్తా మైదానంలో ఎరుకలవారి మీద మోపబడిన ఒక రిజిస్టరు, ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తమ మృతులను తాము జ్ఞాపకం చేసికొనే హక్కును విడువకపోవడమే ఆదివాసుల ప్రతిఘటనలో మూలాంశమని, ఆ విషయంలో క్రైస్తవ సంఘము కేవలం సానుభూతిపరురాలిగా మాట్లాడే స్థితిలో లేదని నా అభిప్రాయం. కారణం తరువాత వివరిస్తాను.

1. సామూహిక జ్ఞాపకం అంటే ఏమిటి?

మన తీరప్రాంతపు పెద్దలను పుట్టిన సంవత్సరం అడిగితే “ఉప్పెనకు రెండేళ్ల ముందు” అనో, “ఉప్పెన వచ్చిన మరుసటేడు” అనో చెప్పేవారు నేటికీ ఉన్నారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వారికి కాలాన్ని కొలిచే గుర్తు. ఆ తరువాత పుట్టిన పిల్లలు కూడా ఆ రాత్రిని తాము చూచినట్లే చెబుతారు. ఎందుకనగా వారు దానిని ఒంటరిగా జ్ఞాపకం చేసికొనడం లేదు. ఇల్లు, వీధి, ఊరు కలిసి వారికి దానిని జ్ఞాపకం చేస్తున్నాయి.

ఈ సంగతిని శాస్త్రీయంగా వివరించినవారిలో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ ముఖ్యుడు. 1925లో ప్రచురించిన తన గ్రంథంలో ఆయన, వ్యక్తి జ్ఞాపకం కుటుంబం, మతం, సామాజిక వర్గం అనే చట్రాలలోనే నిలుస్తుందని, ఆ చట్రం విరిగితే జ్ఞాపకం కూడా చెదరిపోతుందని చూపించాడు. అదే హాల్బ్‌వాక్స్ 1945లో నాజీల బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో మరణించాడు. మనుషులను వారి సమూహం నుండి విడదీసి కేవలం అంకెలుగా మార్చే ఒక వ్యవస్థకు ఆయనే బలియైనాడు.

దీనిని మన అవగాహన కొరకు సరళం చేసి చెప్పుకొందాం. ఒక జనాంగపు జ్ఞాపకం నిలవాలంటే మూడు కావాలి. ఒకటి చోటు, రెండు దినం, మూడు చెప్పేవారు. ఫలానా చోట జరిగింది, ఫలానా దినాన జరిగింది, ఫలానావారు మాకు చెప్పారు అని అనగలిగినంత కాలం ఆ జనాంగం తన చరిత్రను పోగొట్టుకొనదు. హింస చేసేవారికి ఈ సంగతి బాగుగా తెలుసు. అందుకే హింస శరీరాలతో ఆగదు. ఆ తరువాత చోటును చెరిపివేస్తుంది, దినాన్ని నిషేధిస్తుంది, చెప్పేవారి మాటకు విలువ లేకుండా చేస్తుంది. బాధితుల జ్ఞాపకం అధికారంలో ఉన్నవారికి ప్రమాదకరమైనదని జర్మన్ వేదాంతి యోహాన్ బాప్టిస్ట్ మెట్స్ చెప్పిన మాటకు అర్థం ఇదే. జరిగినది ముగిసిపోయినదని చెప్పేవారిని ఆ జ్ఞాపకం నెమ్మదిగా ఉండనియ్యదు.

2. ఇంద్రవెల్లి: కూల్చినా నిలిచిన స్థూపం

ఆదిలాబాదు గోండులకు ఈ మూడూ పూర్వం నుండి సమృద్ధిగా ఉన్నాయి. వారి వంశచరిత్రలను, దేవతల కథలను ప్రధానులు అనే గాయకులు కీక్రి అనే తంత్రీవాద్యం మీద పాడి వినిపిస్తారు. ప్రతి సంవత్సరం పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతర కొరకు మెస్రం వంశస్థులు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. వ్రాతప్రతులపై ఆధారపడని ఒక చరిత్ర నడకలో, పాటలో, తిథిలో భద్రపరచబడింది.

1940లో జోడేఘాట్ వద్ద నిజాం బలగాల చేతిలో కొమురం భీం, ఆయన సహచరులు మరణించారు. అడవిలో పోడు చేసికొనేవారిపై అటవీ సిబ్బంది, రెవిన్యూ సిబ్బంది సాగించిన వేధింపులు ఆ తిరుగుబాటుకు కారణం. గోండులు ఆయన వర్ధంతిని ఇంగ్లీషు తేదీని బట్టి గాక ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఆచరిస్తారు. ప్రభుత్వ దస్త్రంలోని తేదీ ఏదైనప్పటికీ ఆ జనాంగం తన మృతుని తన తిథిలోనే ఉంచుకొన్నది. ఇది చిన్న విషయంగా కనబడవచ్చు గాని, తమ కాలాన్ని తామే లెక్కించుకొనడం స్వతంత్రతకు గుర్తు.

ఆ తిరుగుబాటు తరువాత నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడైన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నియమించింది. ఆయన సూచనల మేరకు కొందరికి భూమి పట్టాలు, మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ లభించాయి. స్వాతంత్ర్యం తరువాత 1959లో వచ్చిన భూ బదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణ ప్రాంతానికి విస్తరించాయి. 1970లో వచ్చిన సవరణ షెడ్యూల్డ్ ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదిలీ కావడాన్నే చెల్లదన్నది. కాగితం మీద ఇది గట్టి వాగ్దానం. ఆచరణలో రోడ్లు పడినకొలది వలసదారులు, వడ్డీ వ్యాపారులు వచ్చారు. మంచి భూములు చేతులు మారాయి. పట్టా ఉన్న గోండు తన చేనిలోనే కూలీ అయ్యాడు.

ఈ నేపథ్యంలో 1981 ఏప్రిల్ 20న గిరిజన రైతుకూలీ సంఘం ఇంద్రవెల్లిలో సభ తలపెట్టింది. మొదట ఇచ్చిన అనుమతిని అధికారులు చివరలో రద్దు చేశారు. అప్పటికే గూడేల నుండి జనం బయలుదేరి ఉన్నారు. పైగా అది సోమవారం, ఇంద్రవెల్లి సంత దినం. సభకు వచ్చినవారు, సంతకు వచ్చినవారు కలిసిపోయిన ఆ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. పౌరహక్కుల సంఘాలు, స్థానికులు చెప్పిన సంఖ్య దానికి అనేక రెట్లు. ఈ తేడాయే మన చర్చకు ముఖ్యం. మృతుల సంఖ్య విషయంలోనే రెండు జ్ఞాపకాలు వేరైపోయాయి. ఒకటి దస్త్రంలో ఉన్నది, రెండవది గూడేలలో ఉన్నది.

మృతుల స్మారకంగా అక్కడ ఎర్రని స్థూపం నిలిపారు. 1986లో దానిని పేల్చివేశారు. తరువాత అది మళ్లీ కట్టబడింది. చాలా సంవత్సరాల పాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే ఆ ప్రాంతంలో నిషేధాజ్ఞలు, స్థూపం చుట్టూ పోలీసు పహరా. పూలు తెచ్చిన జనాన్ని దారిలోనే ఆపేవారు. పాఠకులు గమనించవలసినది ఏమనగా, అక్కడ ఆయుధాలు లేవు, భూమి ఆక్రమణ లేదు. ఒక రాయి దగ్గర నిలబడి చనిపోయినవారిని తలచుకొనడం మాత్రమే ఉన్నది. అయినను ప్రభుత్వాలు దానికే భయపడ్డాయి. చోటును పేల్చారు, దినాన్ని నిషేధించారు. చెప్పేవారు మాత్రం మిగిలారు, వారు మళ్లీ మళ్లీ వచ్చారు. 2024 ఫిబ్రవరి 2న తెలంగాణ ముఖ్యమంత్రి స్వయంగా ఆ స్థూపం వద్ద నివాళి అర్పించి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. నిషేధింపబడిన జ్ఞాపకం ప్రభుత్వ కార్యక్రమంగా మారడానికి నలభై సంవత్సరాలకు పైగా పట్టింది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రభుత్వం పూలు వేసినంత మాత్రాన ఏ భూమి కొరకు వారు వచ్చారో ఆ భూమి ప్రశ్న తీరిపోదు. స్మారకం కట్టి సమస్యను మరువడం కూడా ఒక విధమైన మరపే.

3. మన మైదానంలో ఒక రక్తక్షేత్రం

ఇంద్రవెల్లి అడవి ప్రాంతపు సంగతి, పత్తి, మిరప పండించే మనకు దూరమైనది అని కొందరికి అనిపించవచ్చు. అటువంటివారు తెనాలి సమీపంలోని చుండూరును తలచుకోవాలి. చుండూరు బాధితులు ఆదివాసులు కారు, దళితులు. వారి చరిత్ర వేరు, సమస్య వేరు. కాని మృతుల జ్ఞాపకాన్ని నిలుపుకొనే విషయంలో ఈ రెండు జనాంగాలు ఒకే మార్గాన్ని ఎన్నుకొన్నాయి.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు చంపబడ్డారు. కొందరి శరీరాలను గోతాలలో కుక్కి కాలువలో పడవేశారు. బ్రతికినవారు తమ మృతులను ఎవరికీ కనబడని మూల పాతిపెట్టలేదు. ఊరి నడుమ సమాధి చేసి ఆ స్థలానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. నేరం జరిగిన ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు కావాలని పట్టుబట్టి సాధించారు. ఆ న్యాయస్థానం 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఒక సంవత్సరం శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వారందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. తీర్పులు మారాయి. సమాధులు మాత్రం ఊరి నడుమనే ఉన్నాయి, ప్రతి ఆగస్టు 6న జనం అక్కడికి వస్తూనే ఉన్నారు.

చోటు, దినం, చెప్పేవారు. ఇంద్రవెల్లిలోను చుండూరులోను బాధితులు ఈ మూడింటిని తమ చేతిలో పెట్టుకొన్నారు. ఇప్పుడు ఈ మూడూ ఇతరుల చేతిలోనికి పోయిన ఒక జనాంగాన్ని చూద్దాం.

4. స్టూవర్టుపురం: ఇతరులు వ్రాసిన జ్ఞాపకం

ఎరుక చెప్పేవారు గనుక ఎరుకలవారనే పేరు వచ్చిందని పెద్దలు అంటారు. ఎరుక అంటే తెలివి, తెలిసియుండటం. వారు తమను తాము కుర్రు అని చెప్పుకొంటారు. వారి భాష పేరు కూడా అదే, దానికి లిపి లేదు. వెదురుతోను ఈతాకుతోను బుట్టలు, తట్టలు అల్లడం, పందులను పెంచడం, సోది చెప్పడం వారి వృత్తులుగా మనకు తెలుసు. కాని వారిలో చాలామంది ఒకప్పుడు వర్తకులు. సముద్రతీరపు ఉప్పును గాడిదల మీద, ఎడ్ల మీద లోతట్టు గ్రామాలకు చేర్చి అక్కడి ధాన్యాన్ని తీరానికి తెచ్చేవారు. రైళ్లు వచ్చి ఆ రవాణాను, ప్రభుత్వ ఉప్పు విధానం ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత వెదురు కోయడం, పశువులను మేపడం కూడా కష్టమైంది. బ్రతుకుతెరువు పోయి తిరుగుతున్నవారిని చూచి, వీరు తిరుగుబోతులు గనుక దొంగలు అని వలస ప్రభుత్వం తీర్మానించింది. ఈ క్రమాన్ని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన తన పరిశోధన గ్రంథంలో వివరంగా నిరూపించారు.

1871లో ఉత్తర భారతంలో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. నేరం చేసినా చేయకపోయినా, ఆ కులంలో పుట్టినందుకే పేరు రిజిస్టరులో చేరుతుంది. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు తీసికోవాలి. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది.

ఇక్కడే సంఘ చరిత్ర ఈ కథలోనికి ప్రవేశిస్తుంది. బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం ప్రక్కన 1913 ప్రాంతంలో ఎరుకలవారి కొరకు ఒక సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ (రక్షణ సైన్యం) చేతిలో ఉన్నది. సీతానగరం సెటిల్‌మెంటు కూడా వారిదే. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపింది. కొందరికి వ్యవసాయ భూమి ఇచ్చారు. కొందరు చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీలో కూలికి వెళ్లారు. బడి, వైద్యం, ఆరాధన అక్కడ ఉన్నాయి. వాటితో పాటు హాజరు పట్టీ కూడా ఉన్నది. సువార్త చెప్పిన సంస్థకే పేర్లు పిలిచే పని కూడా అప్పగించబడింది.

ఆ మిషనరీలలో చాలామంది త్యాగబుద్ధితో పనిచేశారని నేను నమ్ముతున్నాను. తెలుగు క్రైస్తవులమైన మనం వారి మేలు మరువరాదు. కాని త్యాగబుద్ధి గలవారు సైతం ఒక అన్యాయపు చట్టానికి చేతులుగా మారవచ్చు. పుట్టుకతోనే నేరస్థులైన జనాంగం ఒకటి ఉన్నదనే ప్రభుత్వపు మాటను వారు ప్రశ్నించలేదు. ఆ నేరస్థులను మేము మార్చగలమని మాత్రమే చెప్పారు. పాపులందరికీ రక్షణ ఉన్నదని బోధించిన సంఘము, ఒక కులాన్ని ప్రత్యేకంగా పాపుల పట్టికలో వ్రాయడానికి అంగీకరించింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. విముక్త జాతులు ఆ దినాన్ని విముక్తి దినంగా ఆచరిస్తారు. అయితే దాని స్థానంలో అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన రాష్ట్రంలో అటువంటిది 1962లో వచ్చింది. ఇక ప్రజల మనస్సులోని రిజిస్టరు ఏ చట్టంతోను రద్దు కాలేదు. స్టూవర్టుపురం పేరుతో దొంగల కథలుగా 1991 ఒక్క సంవత్సరంలోనే రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. 2023లో మరొక పెద్ద సినిమా వచ్చింది. ఊరి పేరు చెబితే అద్దెకు ఇల్లు దొరకదని ఆ ప్రాంతపు యువకులు నాతో అన్నారు. అక్కడి కుటుంబాల మధ్య 1970లలో సంస్కరణ కృషికి దిగిన ప్రముఖులు హేమలతా లవణం, లవణం దంపతులు. ఆమె మహాకవి జాషువ కుమార్తె, వారిద్దరు నాస్తికోద్యమానికి చెందినవారు. ఈ సంగతి మనలను వినయపరచవలసినది.

ఎరుకలవారు తమ జ్ఞాపకాన్ని పూర్తిగా పోగొట్టుకొన్నారని దీని అర్థం కాదు. లిపి లేని కుర్రు భాషను ఏ రిజిస్టరూ పట్టుకొనలేకపోయింది. అది ఇళ్లలో నిలిచింది. ఏ తాత ఏ ఊరికి ఉప్పు తీసికొనిపోయేవాడో చెప్పగలిగిన ముసలివారు ఇంకా కొందరు ఉన్నారు. కాని వారికి ఇంద్రవెల్లి స్థూపం వంటి చోటు లేదు. వారి పేర్లున్న పుస్తకం ఇతరుల బీరువాలో ఉన్నది.

5. గిబియోనీయులు, రిస్పా: ఒక వాక్యధ్యానం

జ్ఞాపకాన్ని గూర్చి ప్రసంగించేటప్పుడు మనం సాధారణంగా యెహోషువ 4వ అధ్యాయం తీసికొంటాము. యొర్దాను నుండి తెచ్చిన పండ్రెండు రాళ్లు గిల్గాలులో నిలువబెట్టబడ్డాయి. ఈ రాళ్లెందుకని పిల్లలు అడిగినప్పుడు తండ్రులు జవాబు చెప్పాలి. ఎంతో మంచి వాక్యభాగం. కాని ఆ రాళ్లు దాటి వచ్చినవారి రాళ్లు. ఆ దేశంలో ముందే నివసిస్తున్నవారికి ఆ రాళ్లు ఏమి చెప్పాయి? అమెరికా ఆదివాసి పండితుడు రాబర్ట్ అలెన్ వారియర్ 1989లో ఇదే ప్రశ్న వేశాడు. నిర్గమ కథను చదివేటప్పుడు ఆదివాసులు తమను కనానీయుల స్థానంలో చూచుకొంటారని ఆయన సంఘానికి గుర్తుచేశాడు. ఈ ప్రశ్నను దాటవేయడం నిజాయితీ కాదు.

బైబిలు తానే ఈ ప్రశ్నను దాటవేయలేదని నా అవగాహన. యెహోషువ 9లో గిబియోనీయులు అనే దేశీయులు ఇశ్రాయేలుతో ప్రమాణం చేయించుకొని ప్రాణాలు దక్కించుకొంటారు. వారు కట్టెలు నరికే పనివారుగా, నీళ్లు చేదే పనివారుగా మిగిలిపోతారు. తరతరాల తరువాత 2 సమూయేలు 21లో దేశంలో మూడు సంవత్సరాలు కరువు కలుగుతుంది. కారణం అడిగిన దావీదుకు, సౌలు గిబియోనీయులను చంపినందుననే అని జవాబు వస్తుంది. ఆశ్చర్యకరమైన విషయం ఏమనగా, సౌలు జీవితమంతటినీ వివరించే మొదటి సమూయేలు గ్రంథంలో ఈ హత్యాకాండ ప్రస్తావన ఎక్కడా లేదు. రాజు చరిత్రలో చేరని ఆ నెత్తురు, చంపబడినవారి జ్ఞాపకంలోను దేవుని జ్ఞాపకంలోను మాత్రమే ఉన్నది. ఇంద్రవెల్లి లెక్కల తేడాను చూచినవారికి ఈ భాగం వేరుగా వివరించనవసరం లేదు. చేసిన ప్రమాణం ఉన్నది, అది మీరబడింది, భూమి దానికి సాక్షి.

ఆ తరువాత జరిగినది మనలను భయపెడుతుంది. గిబియోనీయులు వెండి బంగారాలు అడుగలేదు. సౌలు సంతతివారు ఏడుగురిని అడిగారు. పెద్దలు చేసిన పనికి వారు వ్రేలాడదీయబడ్డారు. జ్ఞాపకం పగగా మారే ప్రమాదాన్ని లేఖనం దాచలేదు. అప్పుడు రిస్పా అనే తల్లి గోనెపట్ట పరచుకొని యవల కోతకాలం మొదలుకొని వాన కురిసే వరకు ఆ బండ మీద కూర్చుంటుంది. పగలు పక్షులను, రాత్రి మృగాలను ఆ శవముల మీద వ్రాలనియ్యదు. ఆమె సౌలు ఇంటి స్త్రీ, అనగా హింస చేసినవారి ఇంటి మనిషి. ఆమెకు అధికారం లేదు, ఆయుధం లేదు. ఒక చోటు, కొన్ని దినాలు, కదలని ఒక మనిషి. ఆ సంగతి రాజుకు తెలిసిన తరువాత అతడు ఎముకలను కూర్చి గౌరవంగా సమాధి చేయిస్తాడు. ఆ దేశం కొరకైన విన్నపాన్ని దేవుడు అంగీకరించినది ఆ తరువాతనే అని 14వ వచనం చెబుతుంది. ఏడుగురు చనిపోయినప్పుడు గాక, మృతులందరికీ గౌరవం కలిగినప్పుడు భూమికి జవాబు వచ్చింది.

కాబట్టి లేఖనం మన ముందు ఉంచే మార్గం మరపు కాదు, పగ కూడా కాదు. శవాల దగ్గర కూర్చుండి, అవమానాన్ని వాటి మీద వ్రాలనియ్యక, అధికారంలో ఉన్నవారు లేచి వచ్చేవరకు కనిపెట్టడం ఆ మార్గం. ఇంద్రవెల్లికి నలభై సంవత్సరాలు నడచి వచ్చినవారు, చుండూరులో ఊరి నడుమ సమాధులను కాచినవారు రిస్పా చేసిన పనినే చేశారు.

6. ప్రభువు బల్ల దగ్గర సంఘము చేయవలసినది

క్రైస్తవ ఆరాధనకు కేంద్రం ఒక జ్ఞాపకం. రోమా ప్రభుత్వం సిలువ వేసి ముగించాననుకొన్న ఒక మనిషిని, రొట్టె విరిచి జ్ఞాపకం చేసికొనుమని ఆయనే ఆజ్ఞాపించాడు (లూకా 22:19). ఆయనను ఎక్కడ ఉంచారో స్త్రీలు చూచి గుర్తుపెట్టుకొన్నారు (మార్కు 15:47). ఇటువంటి బల్ల దగ్గర కూర్చుండేవారు ఇతరుల మృతుల జ్ఞాపకానికి భయపడరాదు.

కెనడా సంఘాల అనుభవం మనకు ఉపయోగపడుతుంది. అక్కడ ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి ఉంచిన వసతి పాఠశాలలను అనేక సంవత్సరాలు సంఘాలే నడిపాయి. 2008 నుండి 2015 వరకు పనిచేసిన సత్య, సమాధాన సంఘం 94 పిలుపులతో తన నివేదికను ముగించింది. సంఘాల, ప్రభుత్వాల దస్త్రాలను వెదకి 2019 సెప్టెంబరు 30న ఆ పాఠశాలలలో చనిపోయిన 2,800 మంది పిల్లల పేర్లను పొడవైన ఎర్రని వస్త్రం మీద వ్రాసి ప్రజల ముందు ఉంచారు. ఒకప్పుడు పిల్లలను లెక్కించిన రిజిస్టర్లే వారిని జ్ఞాపకం చేసే పనికి వచ్చాయి. పుస్తకం ఎవరి చేతిలో ఉన్నది, దేని కొరకు తెరువబడుతున్నది అనేదే ముఖ్యం.

మన సంఘాలకు నేను నాలుగు సూచనలు చేస్తున్నాను. మొదటిది, సెటిల్‌మెంట్లతో సంబంధం గల మిషను కాగితాలు, హాజరు పట్టీలు, ఛాయాచిత్రాలు మన కార్యాలయాలలో ఉన్నట్లయితే వాటి ప్రతులను ఆ కుటుంబాలకు అందజేయాలి. రెండవది, ఆగస్టు 31కి దగ్గరి ఆదివారాన్ని సంఘ క్యాలెండరులో చేర్చి, సంఘము చేసిన పొరపాటును ఆరాధనలో ఒప్పుకొనాలి. మూడవది, ఎరుకల, యానాది, చెంచు విశ్వాసుల పెద్దల నోటిమాటను మన సెమినరీ విద్యార్థులు వ్రాసి భద్రపరచాలి. అది చెప్పినవారి అనుమతితో, వారి పేరుతో జరగాలి. నాలుగవది అన్నిటికంటె సులభమైనది, అన్నిటికంటె తక్కువగా జరిగేది. కల్లంలో కాయ పోయిన ఉదయం పాదిరి ఆ ఇళ్ల దగ్గర ఉండాలి. నిన్నటి మృతులను తలచుకొని నేటి అవమానాన్ని చూడనట్లు పోయేవాడు జ్ఞాపకం చేసికొన్నట్లు కాదు.

ముగింపు

మామ్మ అడిగిన ప్రశ్నకు జవాబు కొరకు మా సంఘపు పాత పుస్తకాలు వెదకాను. బాప్తిస్మాలు, వివాహాలు, సమాధుల వివరాలు ఉన్నాయి గాని ఆమె తాత పేరు లేదు. ఆ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు ఆమె కోపగించుకొనలేదు. అయితే నేను చెబుతాను వ్రాసుకొమ్మన్నది. తాత పేరు, ఆయన అన్నదమ్ముల పేర్లు, సెటిల్‌మెంటులో చనిపోయిన ఇద్దరు పిల్లల పేర్లు చెప్పింది. సంఘ పెద్దల అంగీకారంతో వాటిని సమాధుల పుస్తకంలో వ్రాసి, తరువాతి నెల ప్రభువు బల్ల ఆరాధనలో చదివాను. ఒక పేరును నేను తప్పుగా పలికితే ఆమె కూర్చున్న చోటు నుండి లేచి సరిచేసింది.

మనం వ్రాసిన దానిని వారు లేచి సరిచేయగలిగిన నాడు, మన పుస్తకం వారికి కూడా పుస్తకమవుతుంది.